కోసు నుంచి రొదుకు అరగంట

తెల్లారగానే పడవ తీసి కాలవ రేవుకు పోవాలి. ఏలూరు నుంచి వచ్చే పాదిరిగారిని ఎక్కించుకుని పొద్దెక్కకముందే లంకకు తేవాలి. కూతురు లిడియా పెళ్లి జరిపించాలి. దేవరాజు ఆ రోజుకు పెట్టుకున్న పని ఇంతే.

దారిలో చర్చి అరుగు దగ్గర ఆగడమే పొరపాటు. అక్కడ నిత్యానందం మాస్టారు బైబిలు చివరి పటం తెరిచి కూర్చున్నారు. పౌలు తిరిగిన గ్రీకు దీవులు నీలం నీళ్ల మధ్య అచ్చం కొల్లేటి లంకల్లాగే ఉన్నాయి. మూడో తరగతితో బడి మానిన దేవరాజుకు పటమంటే ప్రాణం.

"కోసు నుంచి రొదుకు పౌలుగారికి ఓడలో రోజు పట్టిందయ్యా. ఇప్పుడు ఏరోప్లేనులో అరగంట. నీళ్ల మీదే దిగి, నీళ్ల మీంచే లేస్తుందట. పేపర్లో వేశారు."

"నీళ్ల మీదేనాండి?"

దేవరాజు వేలు పెడితే రెండు దీవులూ దాని కిందే దాగిపోయాయి. రోజంతటి ప్రయాణం అరగంటకు కుంచించుకుపోయిన ఆ జాగాను చూస్తూ మైమరిచిపోయాడు. వేలు తీసేసరికి పొద్దు బారెడెక్కింది. ఎదురుగా, నిన్ననే పెళ్లివారితో దిగిన వియ్యంకుడు కృపానందం.

"ఏం బావగారూ, ఇంకా ఇక్కడే ఉన్నారు? మధ్యాహ్నానికి పాదిరి అయ్యగారు రాకపోతే పిల్లవాణ్ని తీసుకుని మా లంకకు మేం పోతామండి."

దేవరాజు పటం వంక చూశాడు. "అయ్యగారికి దూరమెంతండి. ఏరోప్లేనులో వస్తున్నారు. నీళ్ల మీదే దిగుతుంది," అనేశాడు.

కృపానందం మొహం వెలిగిపోయింది. కాసేపటికి లంకంతా రేవులో ఉంది. "అంతటిది దిగాలంటే జాగా కావద్దూ," అంటూ కృపానందం వలలు కట్టిన కర్రలు పీకించాడు, పడవలన్నిటినీ బురద దాటించి మెరక మీదికి లాగించాడు. దేవరాజు పడవే ముందు ఒడ్డెక్కింది. పెళ్లికూతురి తండ్రిది కదా, ఆ మర్యాద. చాటుగా కాలవ రేవుకు పోదామని కాచుకున్న దేవరాజు తనూ ఓ చెయ్యి వేయక తప్పలేదు.

జనం తలలెత్తి నిలబడ్డారు. రెండుసార్లు ఎగిరొచ్చే గూడబాతును చూసి చప్పట్లు కూడా కొట్టారు. పెళ్లి చీరతో రేవు పక్కనే ఇంటి గడపలో నిలబడ్డ లిడియా, "నాన్నా, నిజంగా దాంట్లోనే వస్తున్నారా?" అంది.

"రావాలమ్మా," అన్నాడు. ఆకాశం వంక అంత భక్తిగా అతను ప్రార్థనలో కూడా చూడలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. కృపానందం కొడుకు చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు జనం వెనక నుంచి, "జరగండయ్యా, కాస్త తోవివ్వండి," అని వినిపించింది.

దేవరాజు తల్లి పాపమ్మ. మనవరాలి పెళ్లినాడు కూడా బేరం మానని మనిషి, చీకటితోనే తాటిదోనెలో చేపలేసుకుని కాలవ రేవుకు పోయింది. దేవరాజు కోసం చూసి చూసి గొడుగు కింద సోలిపోయిన పాదిరిగారిని బుట్ట పక్కన కూర్చోబెట్టుకుని, ఎదురుగాలిలో గెడ వేసుకుంటూ లంక వెనక వైపుగా తెచ్చేసింది. పాదిరిగారికి ఆయాసంగా ఉంది. ఆవిడకు లేదు.

"ఏరోప్లేను ఏదమ్మా?" అన్నాడు కృపానందం.

"అదుగో, గుంజకి కట్టేశాను. పెళ్లి కానివ్వండి, దాన్నెవరూ ఎత్తుకుపోరు."

కొరమీను వాసనల మధ్యే లిడియా పెళ్లయింది. విందు తిన్నవాళ్లలో మళ్లీ పడవలు లాగే ఓపిక ఎవరికీ లేకపోయింది. పెళ్లివారిని పాపమ్మే ఇద్దరిద్దరి చొప్పున దోనెలో దింపింది.

కోసు నుంచి రొదుకు పౌలుకు ఒక్క రోజే పట్టింది. కృపానందం బలగం పక్క లంకకు చేరడానికి రెండు పట్టాయి.