మనసులో అనుకోమంటే

కూరగాయల మార్కెట్లో వేలం పాడే పెద్దాయనను అందరూ మైకు మావయ్య అంటారు. మైకు అక్కర్లేని గొంతు కాబట్టి ఆ పేరొచ్చింది. ఇప్పుడు ఆ గొంతుకే ఎసరొచ్చింది. మెదడులో సరిగ్గా మాట పుట్టే చోటికి ఆనుకుని ఉసిరికాయంత గడ్డ లేచింది. ఆపరేషన్ మర్నాడు. ఈ పూట స్కానింగ్ తీసి మాట ఎక్కడుందో గుర్తుపెట్టుకుంటే, కత్తి దాని జోలికి పోదు. పొద్దున్నే ఆ పని చూసుకుని భోజనం వేళకు గదికి వచ్చేద్దామని భార్యాభర్తలు అనుకున్నారు.

"ఇది చాలా తేలిక, బాబాయిగారూ," అంది స్కానింగ్ అమ్మాయి, ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతిలో రబ్బరు బంతి పెట్టి. "తెరమీద బొమ్మలొస్తాయి. వాటి పేర్లు మనసులో అనుకోండి. పైకి అనకూడదు, తల కదపకూడదు. భయమేస్తే ఈ బంతి నొక్కండి."

మనసులో అనుకుని ఊరుకుంటే వేలం సాగుతుందా? గొట్టంలాంటి యంత్రంలోకి వెళ్లగానే మొదటి బొమ్మ వంకాయ. "లేత వంకాయ! ఒకటోసారి!" అన్న కేక యంత్రం హోరును మించిపోయింది.

"పైకి అనొద్దు బాబాయిగారూ!"

"సరేనమ్మా," అని మావయ్య తల ఊపాడు.

"తల ఊపొద్దు!"

"ఊపను," అని ఈసారి అడ్డంగా ఊపాడు.

స్కానింగ్ అంతా అలుక్కుపోయింది. మళ్లీ మొదలుపెట్టారు. మావయ్య పెదవులు బిగబట్టాడు, వాటితోపాటు ఊపిరి కూడా. టమాటా బొమ్మ వచ్చేసరికి ఇక ఆగలేక "మూడోసారి!" అని గావుకేక పెట్టి, ఆ ఊపులో బంతి నొక్కేశాడు. అలారం మోగింది.

బయట బెంచీ మీదున్న భార్య ఉలిక్కిపడి లేచింది. "మూడోసారా? ఏమొచ్చింది మూడోసారి? మొదటి రెండుసార్లూ నాకెందుకు చెప్పలేదు?" అంటూ నడుముకున్న తాళాలగుత్తితో సహా తలుపు మీదికి వచ్చింది. స్కానింగ్ అమ్మాయి చేతులు చాపి అడ్డం నిలబడింది.

"లోపల పెద్ద అయస్కాంతం ఉందమ్మా! తాళాలు లాగేసుకుంటుంది!"

"మనిషిని లోపలేసుకుంది చాలక, ఇంటి తాళాలు కూడానా?"

ఈ గొడవకు సర్జన్ పరుగున వచ్చాడు. "స్కానింగ్ సరిగ్గా రాకపోతే రేపు కత్తి పట్టలేనమ్మా. మాట ఎక్కడుందో తెలియకుండా కోస్తే, మాటే పోవచ్చు," అన్నాడు.

ఆమె తాళాలు బల్లమీద పడేసి, అద్దం ఇవతలి గదిలోకి వెళ్లి, అమ్మాయి ముందున్న మైకు లాక్కుంది.

"ఏవండీ! ఇంట్లో నోరు విప్పమంటే విప్పరు. ఇక్కడ మూసుకోమంటే మూసుకోరు!"

మావయ్య శిలలా బిగిసిపోయాడు. మార్కెట్లో పులే గానీ, ఇంట్లో పెళ్లయిన నాటినుంచీ ఆయన సమాధానాలన్నీ లోలోపలే. 'నువ్వు విప్పనిస్తే కదా,' అనుకున్నాడు.

"నా మాట ఒక్కటైనా విన్నారా?"

'వినక చస్తానా? చెవులకు తలుపులున్నాయా?'

"మా అన్నయ్య అప్పుడే చెప్పాడు, ఈయనతో వేగలేవని!"

'మీ అన్నయ్య మాట మీ వదినే వినదు.'

కనురెప్ప కూడా కదల్లేదు. ఇవతలి గదిలోని తెరమీద మెదడు ఎడమవైపున ఎర్రగా వెలిగిపోయింది. "ఆపకండమ్మా! బ్రహ్మాండంగా వస్తోంది!" అన్నాడు సర్జన్.

"చూశారా, నా మాట చెవిన పడగానే కుదురుకున్నారు," అందామె గర్వంగా.

"వినే చోటు వేరమ్మా. ఈ వెలిగేది పలికే చోటు. మీరు ఒకటంటే ఆయన లోపల నాలుగంటున్నారు."

మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. హెడ్‌ఫోన్లలో ఆ మాటలు విన్న మావయ్యకు ముచ్చెమటలు పోశాయి.

"ఏమంటున్నారో కూడా కనిపిస్తుందా?" ఆమె గొంతు మెల్లగా వినిపించింది.

"అది మాత్రం తెలియదమ్మా."

'బతికించావు నాయనా,' అనుకున్నాడు మావయ్య.

"అదిగో, మళ్లీ వెలిగింది!" అన్నాడు సర్జన్.

మర్నాడు ఆపరేషన్ గది తలుపు దగ్గర ఆమె సర్జన్ చెయ్యి పట్టుకుంది. "ఆ వెలిగే చోటు జాగ్రత్త, డాక్టరుగారూ. నన్ను ఏమైనా అనుకోనివ్వండి. అదుంటే చాలు."

స్పృహ వచ్చేసరికి ఆమె మంచం పక్కనే ఉంది. "ఇంతసేపా నిద్ర? మనిషిని ఇంత హడలగొడతారా?" అంది, కళ్లు తుడుచుకుంటూ.

"నిన్ను హడలగొట్టేవాడు ఇంకా పుట్టలేదే," అన్నాడు మావయ్య, పైకే. మత్తు ఇంకా వదల్లేదు. ఆ వెంటనే ఆమె అన్నయ్య సంగతీ, వదిన సంగతీ, చెవులకు లేని తలుపుల సంగతీ వరసగా బయటికొచ్చాయి. ఆమె ఏడుస్తూనే నవ్వింది.

పోతుందేమోనని భయపడిన మాట భద్రంగా ఉంది. పోయింది మౌనమే.