ఎందుకైనా మంచి బ్యాటరీ

సర్వజనులకు తెలియజేయడమేమనగా, సరస్సు మత్స్యవేట మిత్రుల సంఘం కనీవినీ ఎరుగని విజయం సాధించింది. ఒంటిమనిషి పడవకు ఒక బ్యాటరీ ఎంచిపెట్టమంటే, కేవలం మూడు ఆదివారాల్లో, అయిదే సమావేశాల్లో, ఒకే ఒక్క ఉపసంఘంతో ఏకంగా మూడు బ్యాటరీలు ఎంచిపెట్టింది.

పడవ తూకాలాయనది. ముప్పై నాలుగేళ్లు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా కొట్లన్నీ గడగడలాడించి, ఆ పేరుతోనే రిటైరయ్యాడు. అప్పటినుంచీ ఆయనకు ఆదివారమంటే తన కయాకు పడవ, గాలం, అవతలి ఒడ్డున రెల్లు నీడ. అక్కడ ఆయన్ను ఎవరూ ఏమీ అడగరు. ఆ సుఖం కోసమే మిగతా ఆరు రోజులూ భరిస్తాడు. అలాంటిది, మొన్న కుడిభుజం పట్టేసింది. "మళ్లీ తెడ్డు పట్టారంటే ఆ చెయ్యి మీది కాదు" అన్నాడు డాక్టరు. చూస్తే, చేపలు గుడ్లు పెట్టే కాలమని సరస్సు మూసేయడానికి నాలుగు ఆదివారాలే ఉన్నాయి. తూకాలాయన ప్రాణం ఉసూరుమంది. పరుగున వెళ్లి పడవకు కరెంటు మోటారు బిగించుకొచ్చాడు. ఇక బ్యాటరీయే తరువాయి.

బ్యాటరీల కొట్టాయన ఎంత దూరం వెళ్లాలో అడిగి, చెప్పుల డబ్బా అంతది ఒకటి బల్లమీద పెట్టాడు.

"ఇది చాలు సార్. లిథియంది, నాలుగు కిలోలే. మీరు పోయి రావడానికి అరగంట. ఇది రెండు గంటలు లాగుతుంది. నా పడవకీ ఇదే."

వెంట వచ్చిన బావమరిది చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. "చిన్నది చూపించే కొట్టువాణ్ని ఎక్కడైనా చూశావా బావా? ఇందులో ఏదో మతలబుంది!" సర్వీసు మొత్తంలో నిజాయితీ లాంటి అనుమానాస్పద వ్యవహారం ఎదురుకాలేదు కనుక, తూకాలాయనకూ అవునేమో అనిపించింది. వ్యవహారం సంఘానికి వెళ్లింది.

"నడిసరస్సులో బ్యాటరీ అయిపోతే?" అని అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు. "మన సభ్యుడి ప్రాణం మనకు ముఖ్యం కాదా? ఎందుకైనా మంచిది, లారీ బ్యాటరీయే కొనాలి!" చప్పట్లు మోగాయి. అది మొరాయిస్తే ఎలా, ఎందుకైనా మంచిది రెండుండాలన్నాడు బావమరిది. రెండూ మొరాయిస్తే ఎలా అని ఉపసంఘం మూడోది సిఫార్సు చేసింది. నీళ్లు తగలకుండా ఇనప్పెట్టె ఉండాలన్నాడు కార్యదర్శి, ఎందుకైనా మంచిదని. ఆ మాటకు ఎదురు చెప్పిన మొనగాడు ఇంకా పుట్టలేదు.

తూకాలాయన మాత్రం గుడ్డిగా పోయే రకం కాదు. పడవకు కంపెనీ వాళ్లు అంటించిన చీటీ మీద "మోయగల గరిష్ఠ బరువు 150 కిలోలు" అని ఉంది. ముద్ర వేసిన కాటా తెచ్చి అన్నీ తూచాడు. మొదటి బ్యాటరీ ముప్పై కిలోలు: నూట యాభైకి లోబడి ఉన్నది, అనుమతించడమైనది. రెండోది ముప్పై: అనుమతించడమైనది. మూడోదీ అంతే. మోటారు పది, పెట్టె తొమ్మిది. ప్రతిదానికీ విడివిడిగా సంతకం, తేదీ.

"అన్నీ కలిపి చూశారా ఏమండీ?" అంది భార్య.

"కలిపి చూసే కాలమ్ రిజిస్టరులో ఎక్కడుందే!"

ఆఖరి ఆదివారం రిబ్బను కట్టారు. బ్యాటరీలు ఎక్కాయి, పెట్టె ఎక్కింది. పడవ అంచు నీటికి బెత్తెడు ఎత్తున నిలిచింది. తూకాలాయన ఒక కాలు లోపల పెట్టేసరికి నీళ్లు గబగబా ఎదురొచ్చాయి. కాలు వెనక్కి తీసుకున్నాడు.

"సామాను నూట తొమ్మిది. ఇక నలభై ఒకటి మిగిలింది. మీరేమో ఎనభై రెండు" అని భార్య వేళ్లమీద లెక్క కట్టింది. "సగం మీరు వెళ్లి రావచ్చు. పోనీ, ఆ బ్యాటరీల్లో రెండు దించేస్తే పోలా?"

అందరూ ఆవిడవైపు జాలిగా చూశారు. ఒక్కో బ్యాటరీ వెనక ఒక్కో తీర్మానం ఉంది. దించేయడానికి అవేమన్నా మనుషులా? లోపమంతా సభ్యుడిదేనని అధ్యక్షులవారు తేల్చారు. ఆయన నలభై ఒక్క కిలోలు తగ్గాలన్న తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. తూకాలాయన కూడా చెయ్యెత్తాడు. కుడిది లేవదు కనుక, ఎడమది.

సరిగ్గా అప్పుడే అవతలి ఒడ్డు నుంచి కొట్టాయన పడవ మెత్తగా వచ్చి ఆగింది. అంచుకు రెల్లాకులు అంటుకుని ఉన్నాయి. వలసంచిలో చేపలు కొట్టుకుంటున్నాయి.

"ఏం సార్, మీ బ్యాటరీ ఎలా ఉంది?"

తూకాలాయన అవతలి రెల్లు వైపు చూశాడు. కానీ వెనక సంఘం మొత్తం నిలబడి ఉంది.

"బ్రహ్మాండం. ఇంతవరకు ఒక్కసారి కూడా అయిపోలేదు."

కార్యదర్శి ఆ మాటను మినిట్స్‌లోకి ఎక్కించాడు. సాయంత్రానికల్లా పదకొండు మంది సభ్యులు తమకూ తలా మూడు బ్యాటరీలు కావాలని పేర్లిచ్చారు. పన్నెండో గడి ఖాళీగా ఉంది. మీ పేరు రాయించమంటారా? ఎందుకైనా మంచిది.