మా అప్పడం జోలికి రాకండి!

పబ్లిక్ ఆర్ట్ ఎంత అర్థం కాకపోతే ఊరికి అంత మేలు! నవ్వకండి. మెల్‌బోర్న్ పడమటి కొసన ట్రుగనీనాలో కాపురముంటున్నవాణ్ణి, అనుభవంతో చెబుతున్నాను.

ఈ దేశంలో చిన్న చిన్న ఊళ్ళకు పెద్ద పెద్ద వస్తువులుంటాయి. ఒక ఊళ్ళో లారీ అంత అరటిపండు, ఇంకో ఊళ్ళో మేడంత గొర్రె, మరోచోట రొయ్య. జనం కార్లాపి ఫొటోలు దిగుతారు. ఆ రొయ్య ముందు మా భీమవరం సుబ్బరాజు గారు ఫొటో సంగతే మరచి, "దీని ఇగురుకి మసాలా ఎంత పడుద్దంటారూ?" అన్నారు. అర్థమయ్యే కళతో ఇదే చిక్కు. ఆకలేస్తుంది.

మాది కొత్త ఇళ్ళ ఎస్టేటు కాబట్టి మాకు అర్థం కాని కళ ఇచ్చారు. నాలుగు రోడ్లు కలిసేచోట, రౌండబౌట్ మధ్యలో తుప్పు పట్టిన ఇనుప చక్రం. అంచులు వంకర, ఒంటినిండా బొబ్బలు. కింద పలక మీద ఇంగ్లీషులో 'దిగంతపు మౌనం' అని రాసుంది. మీకేమైనా తెలిసిందా? నాకూ అంతే!

పెట్టిన రోజునే చాముండేశ్వరి ఆంటీ కారు అద్దం దించి, "ఇదేంటమ్మా, మాడిపోయిన అప్పడంలా ఉందీ!" అన్నారు. ఆ మాటతో బారసాల అయిపోయింది.

ఇక అడ్రసులన్నీ దాని మీదే నడిచాయి. "అప్పడం దగ్గర లెఫ్ట్ తీస్కోండి అంకుల్, థర్డ్ హౌస్." మరి మా ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినవి కదా! అప్పడం రాకముందు మా విజయభాస్కర్ ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతానికి కూర్చుని, ప్రసాదం తిని, చేతులు కడుక్కునేటప్పుడు గానీ తను పిలుపందుకున్న ఇల్లు అది కాదని తెలుసుకోలేదు.

అలాంటి అప్పడాన్ని సిగ్నల్ లైట్ల కోసం పీకేస్తారట! ఊరుకుంటామా? 'సేవ్ అప్పడం' అని సంతకాలు పెట్టి కౌన్సిల్‌కి పంపాం. ఆఫీసరమ్మ 'అప్పడం'ని 'అప్పర్ డ్యామ్' అనుకుని, ఫోన్ చేసి ఎంతో ఓర్పుగా, "సర్, మీ ఏరియాలో డ్యామ్ ఏదీ లేదు. వరద భయం పెట్టుకోకండి" అని ధైర్యం చెప్పింది!

సరే, మీటింగుకే వెళ్ళాం. నేను కళ, సంస్కృతి, చరిత్ర అంటూ దంచేస్తుంటే మా అమ్మాయి లిఖిత లేచింది. ఇక్కడే పుట్టిన పిల్ల. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో బదులిస్తుంది.

"డాడ్, ఇట్స్ అగ్లీ. బట్ అప్పడం దగ్గరే వీ ఆల్ మీట్. దేర్ ఈజ్ నోవేర్ ఎల్స్."

నా లెక్చరు అక్కడితో ఆగింది. నిజమే! ఇన్ని వందల ఇళ్ళు కట్టారు, ఇంటికి రెండేసి కార్లకు చోటిచ్చారు, నలుగురు కూర్చోడానికి ఒక్క అరుగు కట్టలేదు. చుట్టూ కార్లు తిరుగుతుంటే పిల్లలు రౌండబౌట్ గట్టు మీద చేరి కబుర్లాడుకుంటున్నారు. ఒళ్ళు మండదూ?

కాబట్టి కౌన్సిల్ వారూ, అప్పడం పట్టుకుపోండి. మా అమ్మాయి అన్నట్టు అది నిజంగానే బాగాలేదు. బదులుగా కార్లు తిరగని చోట ఒక చెట్టు నాటి, దాని కింద బెంచీ వేయించండి. శిల్పి అక్కర్లేదు, పలకా అక్కర్లేదు.

పేరు సంగతి చాముండేశ్వరి ఆంటీ చూసుకుంటారు.