తీగ మీద ఆరేసిన పాట

శుక్రవారం పొద్దున ఇన్షిరాహ్ ఇల్లు తుడిచింది, కర్టెన్లు మార్చింది, అయినా మనసు కుదుటపడలేదు. మధ్యాహ్నం నమాజు కాగానే ఫిక్రీ దంపతులు వస్తారు. రెండిళ్ల వాళ్లూ ఫాతిహా ప్రార్థన చదివారంటే తన కొడుకు వగీహ్‌కు వాళ్ల అమ్మాయి రీహాం ఖాయమైనట్టే.

ఫిక్రీకి గ్రామఫోను రికార్డుల పిచ్చి. "కంప్యూటర్లో పాటంటే చల్లారిన ములూఖియా పులుసు. అది మెచ్చేవాడికి పిల్లనివ్వను" అని కైరో అంతా చాటుకుంటాడు. వగీహ్ బతుకుతెరువేమో ఆ కంప్యూటరే. ఫిక్రీ దగ్గర లేని ఒకే ఒక్క పాత రికార్డు ఈ ఇంట్లో ఉంది, పోయిన భర్త దాచుకున్నది. సగం అది వినడానికే వస్తున్నాడు.

దాని మీద దుమ్ము చూస్తే ఏమనుకుంటారో! ఇన్షిరాహ్ దాన్ని సబ్బుతో కడిగి, బాల్కనీ తీగకు చొక్కాల మధ్య క్లిప్పులు పెట్టి ఆరేసింది. రెండు గంటలు ఎండేసరికి అది వేయించిన అప్పడమైంది.

"కొంప మునిగిందిరా! సంబంధం పోయింది!"

"అమ్మా, ఏడవకు. రంజాన్‌లో దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించా కదా. పాత గీతల చిటపటలు తీసేస్తానంటే నువ్వే వద్దన్నావు."

"అవి లేకపోతే అది మీ నాన్న పాటలా ఉండదు మరి!"

వగీహ్ బ్యాటరీ స్పీకరును లేసు గుడ్డ కింద దాచాడు. ప్లేయరు మీద వేరే రికార్డు వేసి, దాని చప్పుడు పూర్తిగా తగ్గించి, తిరగనిచ్చాడు.

నమాజయ్యాక భార్యతో వచ్చిన ఫిక్రీ టీ గ్లాసు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. పాట మొదలైంది.

"అల్లా! ఆ చిటపట విన్నావా బాబూ? కుంపట్లో బొగ్గు రాజుకున్నట్టు లేదూ? నీ కంప్యూటర్ తలకిందులుగా తపస్సు చేసినా ఇది రాదు."

"మీరన్నది నిజం, మావయ్యా" అన్నాడు వగీహ్, నేల చూస్తూ.

అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను నిలిచింది, రికార్డు నిలిచింది. పాట మాత్రం హుషారుగా సాగిపోతోంది. ఇన్షిరాహ్ గౌను అంచులు విప్పార్చి ప్లేయరుకు అడ్డంగా నిలబడింది.

ఫిక్రీ నుదుట చెమట పట్టింది. "చెల్లెమ్మా, కరెంటు పోయినట్టుందే?"

"లేదు అన్నయ్యగారూ!"

"మరి ఫ్యాను?"

"అది... అలిసిపోయింది."

ఫిక్రీ కళ్లు తెరిచాడు. లేచి, ఆమె భుజం మీదుగా తొంగి చూశాడు. కదలని రికార్డును చూశాడు, లేసు గుడ్డ ఎత్తి చూశాడు.

ఇంతలో ఫిక్రీ భార్య నగ్లా పకపకా నవ్వింది. "అంత గుడ్లురమకండి. వదినా, మా ప్లేయరు సూది విరిగి రెండేళ్లయింది. ఈయన రోజూ బాత్రూంలో తలుపేసుకుని ఫోన్లోనే వింటాడు. వీధిలో పరువు పోతుందని నా చేత ఒట్టేయించుకున్నాడు!"

ఫిక్రీ మొహం దానిమ్మ పండైంది. "పాట ఆపు బాబూ. ఫాతిహా చదువుదాం."

అందరూ అరచేతులు పైకెత్తి చదివారు. చదివి, ఆ అరచేతులతో మొహాలు తడుముకున్నాక, ఫిక్రీ వగీహ్ చెవి దగ్గరికి వంగాడు. "ఆ పాట నా ఫోనుకు పంపు. చిటపటలు తీసేవు సుమా!"

నగ్లా మిఠాయి పెట్టె విప్పింది. ఇన్షిరాహ్ మాత్రం, ఇంకా తీగ మీదే ఉన్న రికార్డు జారి కింద ఎవరి నెత్తినైనా పడుతుందేమోనని బాల్కనీలోకి పరుగెత్తింది.