ముల్లుగారి ఇంటి త్రాసు

బజారులో ఆయనను అందరూ ముల్లుగారనే పిలుస్తారు. తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఏ దుకాణంలో అడుగు పెట్టినా మనిషి ముఖం చూడడు, త్రాసు ముల్లు చూస్తాడు. తప్పుడు తూకం పట్టుకోవడంలో ఆయనకు సాటి లేరని శాఖలో పేరు. అటువంటి మహానుభావుడు ఒక శనివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద కాగితం పరచి, సొంత కూతురికి తప్పుడు తూకం వేయడానికి కూర్చున్నాడు.

అమ్మాయికి రెండు విశ్వవిద్యాలయాలలో సీటు వచ్చింది. ఒకటి ఇంటికి మూడు బస్టాపుల దూరం. రెండవది రైలులో పదకొండు గంటలు. అమ్మాయి చదవదలచినది భూగర్భశాస్త్రం. దగ్గరి దానిలో ఆ శాఖకు ఉన్న ఆస్తి రాళ్ళ నమూనాలు పెట్టిన ఒక అద్దాల బీరువా. దాని తాళంచెవి కూడా పోయిందట. దూరపు దానిలో పెద్ద ప్రయోగశాల ఉంది, పైగా సగం ఫీజు మాఫీ చేస్తామని ఉత్తరం రాశారు. ఏదో ఒకటి సాయంత్రం ఐదులోగా ఖాయం చేసుకోవాలి. గడువు దాటితే రెండూ పోతాయి.

"నేనెవరి పక్షమూ కాదు," అని ముల్లుగారు గొంతు సవరించుకున్నాడు. "అంకెలేం చెబితే అదే. ఖర్చుకి యాభై మార్కులు, చదువుకి ఇరవై, తోటివాళ్ళతో పొసగడానికి ముప్ఫై."

"చదువుకోడానికి వెళ్ళే చోట చదువుకే తక్కువా?" అంది భార్య, ఉతికిన బట్టలు మడత పెడుతూ.

"నువ్వుండవోయ్. ఇది శాస్త్రీయం."

శాస్త్రం మొదలైంది. ఖర్చు కింద దగ్గరి దానికి నలభై ఎనిమిది, దూరపు దానికి తొమ్మిది.

"సగం ఫీజు లేదు కదా నాన్నా!"

"మిగతా సగం ఉందిగా! పైగా నెలనెలా నిన్ను చూడ్డానికి నేను రావద్దూ? నా టికెట్టు, దారిలో నా టీ, తిరిగొచ్చాక నా నడుంనొప్పికి మందు, అన్నీ కలిపాను."

చదువు కింద పదిహేడు, పద్నాలుగు.

"అక్కడ మూడు లైబ్రరీలు, ఇక్కడ ఒకటే. మరి అక్కడ తక్కువేమిటండీ?" అంది భార్య.

"ఏ లైబ్రరీకి వెళ్ళాలో తేల్చుకునేసరికే పొద్దు గూకుతుంది."

"మరి రాళ్ళో?"

"రాళ్ళకేం కరువమ్మా? మన వీధికి రోడ్డేసి ఎన్నేళ్ళయిందో చూశావా?"

పొసగడం కింద ఇరవై తొమ్మిది, నాలుగు. "ఇక్కడ బస్సు కండక్టరు కూడా నిన్ను పేరు పెట్టి పిలుస్తాడు. అక్కడ నీకు తెలిసినవాళ్ళెవరు?"

"వెళ్తేనే కదా తెలిసేది!"

"చూశావా, నువ్వే ఒప్పుకున్నావు. ఎవరూ లేరు."

కూడితే దగ్గరి దానికి తొంభై నాలుగు, దూరపు దానికి ఇరవై ఏడు. ముల్లుగారు కలానికి మూత పెట్టాడు. అమ్మాయి ఏడవలేదు, అలగలేదు. అది చూసి ఆయనకు భయం వేయవలసింది, వేయలేదు. ఆమె లోపలికి వెళ్ళి రెండు కాగితాలు తెచ్చింది.

"నాన్నా, దుకాణంలో త్రాసు సరైందో కాదో మీరెలా తేలుస్తారు?"

"బరువు ముందే తెలిసిన రాయి వేసి చూస్తాం. సరిగ్గా చూపిస్తే ముద్ర, లేకపోతే జప్తు."

"అయితే వీటికీ మార్కులు వేయండి. ఇంకో విద్యార్థికి వచ్చిన సీటు ఉత్తరాలు, ఒకటి దగ్గరిది, ఒకటి దూరపుది. ఇల్లు కదలని పిల్లవాడు. పేర్లు మాత్రం చెప్పను."

పేర్లున్న చోటల్లా నల్లసిరా పూసి ఉంది. ముల్లుగారికి ఉత్సాహం పొంగి వచ్చింది. "అబ్బో, ఈ దూరపు దానిలో మాఫీ ఊసే లేదు! హాస్టలు అద్దె చూశావా? ఎనిమిది. చదువా? రెండుచోట్లా ఒకటే కోర్సు. తొమ్మిది. పొసగడమా? ఇల్లు కదలని పిల్లవాడట. రెండు." మొత్తం పంతొమ్మిది. దగ్గరి దానికి తొంభై మూడు. "ఇంత చూశాక కూడా దూరం పంపితే, ఆ తండ్రికి కళ్ళయినా లేకపోవాలి, బుర్రయినా లేకపోవాలి."

"రెండూ ఉన్నాయనే నేను ఇన్నాళ్ళూ కాపురం చేస్తున్నానండీ," అంది భార్య.

అవి రెండేళ్ళ కిందటి పెద్దబ్బాయి కాగితాలు. ఆనాడు పట్టిక లేదు, మార్కులు లేవు. "మగపిల్లాడు, నాలుగు చోట్లు చూడాలి," అని, టీ చల్లారేలోగా ముల్లుగారు దూరపు దానికే సంతకం చేశాడు. ఆనాడు చదివిన పాపాన పోలేదు కనుకనే నేడు గుర్తుపట్టలేకపోయాడు.

"ఇప్పుడు చెప్పండి," అంది అమ్మాయి. "మీ త్రాసు సరైందైతే అన్నయ్యని రేపే వెనక్కి పిలవాలి. తప్పుడుదైతే నన్ను ఆపకూడదు."

"అది వేరు, ఇది వేరమ్మా."

"దుకాణాల వాళ్ళు మీతో ఈ మాటే అంటే?"

"జప్తు చేస్తాను," అన్నాడు అలవాటు కొద్దీ. అని, నాలిక కరుచుకున్నాడు.

ఆయనలో మెచ్చదగిన గుణం ఒకటి లేకపోలేదు. తప్పుడు తూకమని తెలిశాక దానికి ముద్ర వేయడం ఆయనకు చేతకాదు. పట్టికను రెండుగా చింపాడు. చింపి, గోడకేసి చూస్తూ గొణిగాడు: "మరి నా నెలాఖరు రిపోర్టులో?"

మూడేళ్ళుగా శాఖలో అందరూ మెచ్చుకుంటున్న ఆ రిపోర్టులు రాసి, కంప్యూటరులో కొట్టి పంపుతున్నది అమ్మాయే.

"త్రాసు కింద అంటించిన అయస్కాంతం ఇదన్నమాట!" అంది భార్య.

"అన్నయ్య చేస్తాడు లెండి," అని అమ్మాయి అప్పటికప్పుడే ఫోను కలిపి, అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టింది. సంగతి విని పెద్దబ్బాయి ఉలిక్కిపడ్డాడు.

"నాకవన్నీ ఎక్కడొస్తాయి నాన్నా? చెల్లి ఉందిగా!"

"అచ్చం మీ గొంతేనండీ," అంది భార్య.

అప్పటికి నాలుగూ ఇరవై. ముల్లుగారు కంప్యూటరు ముందుకు కుర్చీ లాక్కున్నాడు. దూరపు విశ్వవిద్యాలయం ఫారం ఆయనే నింపాలని తల్లీకూతుళ్ళు తీర్పు చెప్పారు. కీబోర్డు మీద అక్షరాలను ఆ వరుసలో పేర్చినవాడిని ఆయన మనసులోనే జప్తు చేశాడు. ఒక్క చూపుడువేలితో, తన పేరులోనే మూడు తప్పులు దిద్దుకుంటూ, ఐదుకు తొమ్మిది నిమిషాలుండగా పంపాడు. సీటు ఖాయమైంది. అమ్మాయి కేక పెట్టి తల్లిని చుట్టేసుకుంది.

ముల్లుగారు చెమట తుడుచుకుని లేవబోయాడు. భార్య ఆయన భుజం మీద చెయ్యి వేసి మళ్ళీ కూర్చోబెట్టి, ఆ నెల రిపోర్టు కాగితాలు ఆయన ముందు పెట్టింది.

"వేలు ఎలాగూ అలవాటు పడింది కదండీ. ఇది కూడా కానివ్వండి."