జాతర సంచికి కాపలా

ఒక రాష్ట్రాన్ని ఏర్పాటు చేయడానికి చట్టం ఉంటే చాలు. ఒక కుటుంబాన్ని ఆదోని నుంచి ఎమ్మిగనూరు జాతరకు పొద్దున తీసుకుపోయి సాయంత్రానికి తీసుకురావడానికి మాత్రం సంచి కావాలి. కర్నూలుకు రాజధాని వచ్చి గుడారాల్లో దిగిన మూడు నెలలకు, మా ఇంట్లో జాతర సంచి సర్దుబాటు సంఘం యథావిధిగా సమావేశమైంది. అక్కడ పనులు ఎలా సాగుతున్నాయో నాకు తెలియదు. మా సంచిలోంచి మాత్రం ఇంతవరకు ఒక్క బొరుగు కూడా రాలిపోలేదని మనవి.

సంఘానికి అధ్యక్షురాలు మా అమ్మ రాజేశ్వరమ్మ. కార్యదర్శిని నేను, విశ్వేశ్వరయ్యను, పత్తి మార్కెట్లో దళారీని. తూనికల అధికారి మా గుమాస్తా లక్ష్మప్ప. మా ఆవిడ గోవిందమ్మ సభ్యురాలు కాదు. (రొట్టెలు చేసే మనిషి సభలో కూర్చుంటే రొట్టెలు ఎవరు చేయాలి?) ఆమెకు వేరే పదవి ఉంది. పెళ్లయిన నాటి నుంచీ ఆమె సంచి కాపలాదారు.

ఒక్క పూటకు జాతరకు పోయేవాళ్లకు ఏమేం కావాలి? ఇల్లు కాలిపోతే ఏమేం కావాలో అవన్నీ కావాలని మా అమ్మ తీర్మానించింది. చిత్రాన్నం, అది పాడైతే జొన్నరొట్టెలు, అవి ఎండిపోతే బొరుగులు. అమ్మ బయటి నీళ్లు ముట్టదు కాబట్టి మరచెంబు నిండా ఇంటి నీళ్లు, ఆమె ఆకువక్కల పెట్టె. చలి వేస్తే కంబళి, ఎండ కాస్తే గొడుగు, రెండూ లేకపోతే విసనకర్ర. బస్సులో మా పిల్ల కృష్ణకుమారికి వాంతి రాకుండా వాసన చూపడానికి పోయినేడు ఒక నిమ్మకాయ పెట్టాము. వాంతి రాలేదు. నిమ్మకాయ పనిచేస్తుందని ఆ విధంగా రుజువైనందున ఈ ఏడు నాలుగు పెట్టాము.

వీటిని సంచిలో సర్దడం ఎవరు పడితే వాళ్లు చేసే పని కాదు. పత్తిని తొక్కి బేలు కట్టడం ఇరవై ఏళ్లుగా చూస్తున్నవాణ్ణి. కంబళి అడుగున వేసి, మిగతావన్నీ వరసగా పేర్చి, మోకాలితో అదిమి, సంచి మూతిని దబ్బనంతో పురికొస వేసి కుట్టేశాను. లక్ష్మప్ప కాటా వేసి మణుగున్నర అన్నాడు. పత్తి తూచే అలవాటు కొద్దీ తేమ కింద రెండు శేర్లు తగ్గించబోతే ఆపాను. కుట్టు విప్పే దబ్బనం కాపలాదారు దగ్గరే ఉంటుంది. ఇక నియమం ఒక్కటే. కాపలాదారు సంచిని వదలరాదు.

అప్పుడు గోవిందమ్మ వంటింట్లోంచి వచ్చి ఒక అర్జీ పెట్టుకుంది, అదీ నోటిమాటగా.

"అత్తా, పన్నెండేండ్లుగా జాతరలో ఆ రంగులరాట్నాన్ని కింద కూసోనే సూస్తాండాను. ఈ తూరి నేనూ ఎక్కుతా. రవ్వంతసేపు సంచి ఎవరన్నా సూసుకోండి."

మా అమ్మ అర్జీని పరిశీలించి తీర్పు చెప్పింది.

"నువ్వు ఎక్కితే సంచి ఎవరు సూస్తారే? రాట్నం యాడికి పోతాది, వచ్చే ఏడూ ఉంటాదిలే."

ఇదే తీర్పు అంతకుముందు పదకొండుసార్లు వెలువడింది. నాకు జాలి వేసిన మాట నిజం. కానీ జాలిని ఏ నియమం కింద నమోదు చేయాలో తెలియక ఊరుకున్నాను.

ఎమ్మిగనూరు చేరేసరికి పదకొండైంది. జాతరలో నిలువుగా తిరిగే రంగులరాట్నం వేసి ఉంది, మిద్దె మీద మిద్దె కట్టినంత ఎత్తు. నేను, పిల్ల రెండుసార్లు ఎక్కాము. మా అమ్మ కూడా ఎక్కింది. పై నుంచి మగ్గాల వీధులన్నీ కనిపిస్తున్నాయని దిగి చెప్పింది. ఎవరికి చెప్పిందంటే, కింద సంచి మీద చెయ్యి వేసుకుని కూర్చున్న గోవిందమ్మకు.

గోవిందమ్మ లేచింది. మణుగున్నర సంచిని చంకకెత్తుకుని, నేరుగా పోయి రాట్నం తొట్టిలో కూర్చుంది. రాట్నం తిప్పే సుంకప్ప సామాను ఎక్కించకూడదన్నాడు.

"దీన్ని యాడా పెట్టగూడదప్పా. మా అత్త సెప్పినాది," అని ఆమె సంచిని ఒళ్లోకి లాక్కుంది.

అత్తగారి మాటను సుంకప్ప మన్నించాడు. బరువు సరిపోవడానికి ఎదురు తొట్టిలో ముగ్గురు నేతగాళ్లను కూర్చోబెట్టి తిప్పాడు. మొదటి చుట్టులో ఆమె కళ్లు మూసుకుంది. రెండో చుట్టులో తెరిచింది. మూడో చుట్టులో పైన ఉండగా నవ్వింది. పన్నెండేళ్ల కాపురంలో ఆమె అలా నవ్వగా నేను చూడలేదు. నిజానికి, అంతసేపు ఆమె వైపు చూసి నిలబడింది కూడా లేదు. నాకు కొంచెం సిగ్గేసింది.

ఇంతలో కింద పరిపాలన స్తంభించింది. కృష్ణకుమారికి ఆకలైంది. అమ్మకు దాహం వేసింది, ఆ తర్వాత ఆకువక్క జ్ఞాపకం వచ్చింది. తిండి, నీళ్లు, ఆకులు, దబ్బనం, అన్నీ ఆకాశంలో ఉన్నాయి. అమ్మ చెయ్యి పైకెత్తి పిలిచింది. గోవిందమ్మ కూడా చెయ్యి ఊపింది. రాట్నం ఆగాక నేను దగ్గరికి పోయి, ఆకలితో చస్తున్నామని, దిగమని అడిగాను.

"సంచి వదలొద్దంటిరి. వదల్లేదు కదా," అని నాతో చెప్పి, సుంకప్ప వైపు తిరిగి, "ఇంగో తూరి తిప్పప్పా," అంది.

మేము ఒంటిగంటకు భోంచేశాము.

మర్నాడు సంఘం అత్యవసరంగా సమావేశమైంది. కాపలాదారు కాళ్లు ఎల్లవేళలా నేలకు ఆని ఉండాలని నియమాన్ని ఏకగ్రీవంగా సవరించాము. ఇందులో గోవిందమ్మ అభిప్రాయం కూడా తీసుకోవాలని నేనే ప్రతిపాదించాను. కానీ ఆమె పెరట్లో సంచి ఉతుకుతూ ఉండడం వల్ల, పనిలో ఉన్న మనిషిని ఇబ్బంది పెట్టడమెందుకని పిలవలేదు.