క్యారేజీ ఇవ్వడానికే వచ్చానండీ!

ఆ పొద్దున కొత్త పెళ్ళికూతురు వేసుకున్న పథకం చాలా చిన్నది. ముందు కౌన్సెలర్ శిక్షణలో ఆఖరి పరీక్ష, మధ్యాహ్నం మొగుడు స్వయంగా సర్దిన క్యారేజీ, సాయంత్రం ఇద్దరూ కబుర్లాడుకుంటూ ఇంటికి నడక. నెగ్గితే వీధి చివరి క్లినిక్‌లోనే ఉద్యోగం. తప్పితే ఎక్కడో దూరపు ఊళ్ళో నెలల తరబడి మళ్ళీ శిక్షణ. మొగుణ్ణి వదిలి అన్ని నెలలా! ఆ కంగారులో క్యారేజీ వంటింటి గట్టు మీదే ఉండిపోయింది.

పరీక్షంటే కాగితం, కలం కాదు. కష్టాల్లో ఉన్నవాడిలా నటించమని ఎవరినో గదిలోకి పంపిస్తారు. ఆ మనిషి చేత మాట్లాడించాలి. పెద్ద మేడం మూల కూర్చుని మార్కులు వేస్తుంది.

"ఎదురుగా కుర్చీ వేసి నీ బాధేమిటని అడిగితే మన వీధుల్లో ఎవరూ నోరు విప్పరు," అని ఆవిడే నేర్పింది. "పక్కన చాప మీద కూర్చోండి. ముందు మంచినీళ్ళివ్వండి. ఏదో వంక పెట్టుకుని వస్తారు, ఆ వంక నమ్మకండి. వాళ్ళు ఎవరిని తిట్టిపోసినా, అక్కడ లేనివాళ్ళని మాత్రం వెనకేసుకు రాకండి."

తలుపు తోసుకుని మొగుడొచ్చాడు.

"క్యారేజీ ఇవ్వడానికి వచ్చాను."

ఆమె గతుక్కుమంది. మేడం తొణక్కుండా కలం తీసింది. అంటే ఈయన్నే పిలిపించి పరీక్షిస్తోందన్నమాట! ఎంత గడుసుది!

"రండి, కూర్చోండి. మంచినీళ్ళు తాగండి," అంది పరాయిదానిలా.

"నీళ్ళెందుకు? నువ్వు..." అతను మేడం వైపు చూశాడు. ఆవిడ చేతిలో కలం చూశాడు. ఏదో తట్టినట్టుంది, చాప మీద కూలబడి భారంగా నిట్టూర్చాడు. "ఏం చెప్పమంటారు మేడం, మా ఆవిడతో వేగలేకపోతున్నాను."

ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. "చెప్పండి."

"గురకండీ! అచ్చం నీళ్ళ మోటారే. మొన్న పక్కింటాయన తలుపు కొట్టి, ట్యాంకు నిండిపోయింది, కట్టెయ్యండి బాబూ అన్నాడు."

అబద్ధమన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ లేనివాళ్ళని వెనకేసుకు రాకూడదు. ఇక్కడ లేని మనిషి తనేనాయె! మింగేసింది. "మీకు చాలా కష్టంగా ఉండుంటుంది."

అతనికి హుషారొచ్చింది. "ఇక వంట! వేశానో లేదోనని కూరలో మళ్ళీ మళ్ళీ ఉప్పేస్తుంది. నేను హోటల్లో తినేసి, ఇంటికొచ్చి ఆహా అంటుంటాను."

"ఎన్నాళ్ళ నుంచి?" ఆమె గొంతు కీచుమంది. నటనా, నిజమా? తెలియక కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఎంత జాలి గుండె!" అని మేడం గొణుక్కుంటూ మార్కులు వేసింది.

అప్పుడే ఒకాయన రొప్పుతూ వచ్చాడు. "క్షమించండి మేడం, బస్సు దొరకలేదు. ఇవాళ కష్టాల్లో ఉన్నవాణ్ణి నేనే."

మేడం కలం ఆగిపోయింది. "మరి ఈయనెవరు?"

"మా ఆయనండీ," అంది ఆమె నీరసంగా.

"క్యారేజీ ఇవ్వడానికే వచ్చానండీ! మా ఆవిడకి మార్కులొస్తాయని అన్నీ కల్పించి చెప్పాను!"

మేడం అతని వంక జాలిగా చూసింది. "అందరూ మొదట అలాగే అంటారు నాయనా." తర్వాత ఆమె వైపు తిరిగింది. "నీ మొహం మీదే నీ మీద చాడీలు చెబుతుంటే పల్లెత్తు మాట అనలేదు! నెగ్గావమ్మా. రేపే క్లినిక్‌లో చేరు. ఈ అబ్బాయిని మాత్రం వారం వారం నా దగ్గరికి పంపించు."

సాయంత్రం దారి పొడుగునా ఆమె అతనికి నాలుగడుగులు ముందే నడిచింది. ఇల్లు చేరాక మెల్లిగా అడిగింది: "నిజం చెప్పండి, నేను గురక పెడతానా?"

అతను చాప మీద ఆమె పక్కనే కూర్చుని, ముందుగా మంచినీళ్ళిచ్చాడు.